అరువు నడక

ఫోన్ మోగేసరికి ఇందుజ వంటింటి గట్టు పక్కన నేల మీద కూర్చుని ఉంది. అత్తగారి కుడి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, వేయించిన ఉప్పు మూటతో మడమకి కాపడం పెడుతోంది. ప్రయోగశాల నడిపే ఫిర్దౌస్ మేడమ్ ఎప్పుడు ఫోన్ చేసినా పొడిపొడిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. ఆ రోజు మాత్రం ముందు కాసేపు ఊపిరి ఒక్కటే వినిపించింది. తర్వాత, "ఇందూ, అనుమతి వచ్చేసింది. ఇక మనుషుల మీద పరీక్షించుకోవచ్చు," అన్నారు.

ఇందుజ చేతిలో ఉప్పు మూట ఎక్కడ పెడుతోందో చూసుకోకుండా చీలమండ మీద పెట్టేసింది. వరహాలమ్మ చటుక్కున కాలు లాక్కుని, "శుభవార్తయితే నోటితో చెప్పాలి గానీ కాల్చి చెబుతావేటమ్మా," అంది.

ఇందుజకి పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. మెడలో తాడు పచ్చగా మెరుస్తూనే ఉంది. కొత్త మెట్టెలు వేళ్లని నొక్కుతున్నా తీయబుద్ధి కాదు. వీధిలో ఎవరైనా "వరహాలమ్మ గారి కోడలివా?" అంటే చాలు, ఆ పూటంతా తనలో తను నవ్వుకుంటూ తిరుగుతుంది. అలాంటి పిల్లకి, రుషికొండ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి తనూ ఓ చెయ్యి వేసి అల్లిన కాలి తొడుగులకి అనుమతి వచ్చిందంటే కాలు నేల మీద నిలుస్తుందా.

వరహాలమ్మ సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊగే బస్సులో మోకాళ్లు కాస్త వంచి నిలబడీ నిలబడీ ఆమె తొడల వెనక కండరాలు పట్టేశాయి. అవి బిగుసుకుంటే మోకాలు పూర్తిగా చాపుకోదు. ఒంటి బరువు మడమ మీద కుదురుగా ఆగకుండా వేళ్ల మీదకి ఉరుకుతుంది. అరికాలి కింది పట్టీ లాగి కట్టిన తాడులా సాగి, మడమ దగ్గర సూదులు దించినట్టు పోటు పెడుతుంది. పొద్దున్నే మంచం దిగి వేసే తొలి అడుగుకి ఆమె గోడ పట్టుకోని రోజు లేదు. డాక్టర్లందరూ మడమకి మందు రాశారు. కొత్త కోడలు మాత్రం కాపురానికి వచ్చిన మర్నాడే అత్తగారి తొడ వెనక చెయ్యి పెట్టి చూసి, "దొంగ ఇక్కడున్నాడు అత్తయ్యా," అంది. ఆ మాటతో ఇద్దరికీ జట్టు కుదిరిపోయింది.

వరహాలమ్మకో మొక్కు ఉంది. భర్త సన్యాసిరావు హార్బర్లో క్రేను నడిపేవాడు. నీటికాసులు వచ్చి ఆయన చూపు మసకబారుతున్న రోజుల్లో, సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ కాలినడకన తిరుగుతానని మొక్కుకుంది. ఆషాఢంలో జరిగే గిరి ప్రదక్షిణం అది. ముప్పై రెండు కిలోమీటర్ల దారి, చెప్పుల్లేకుండా. ఆయన చూపు నిలవలేదు, ఈమె మడమ లేవనివ్వలేదు. ఏటేటా గోపాలపట్నం రోడ్డు పక్కన కుండలు పెట్టుకుని నడిచేవాళ్లకి మజ్జిగ పోయడమే మిగిలింది. పోస్తున్నంతసేపూ వాళ్ల మొహాలు కాదు, కాళ్లు చూసేది.

అందుకే కోడలు ఫోన్ పెట్టేలోపే వరహాలమ్మ తేల్చేసింది, తొలి తొడుగు తనకేనని.

తొడుగులు జంటగా పనిచేస్తాయి. బిగువు లేని కాళ్లున్న మనిషి ఒకటి వేసుకుని నడుస్తుంది, పట్టేసిన మనిషి రెండోది వేసుకుని నిలబడుతుంది. మొదటి కాలిలో కండరం ఏ క్షణాన పట్టుకుంటోందో, ఏ క్షణాన వదులుతోందో వెంట్రుకలాంటి తీగలు పసిగట్టి, రెండో కాలి నరానికి ఆ సంగతి చేరవేస్తాయి. కొన్నాళ్లు అలా వింటే పట్టేసిన కాలు తనంతట తను వదలడం నేర్చుకుంటుంది. ఇందుజ కాలేజీలో ఖోఖో ఆడిన పిల్ల. కాళ్లు చాపుకుని కూర్చుని నుదురు మోకాళ్లకి ఆనించగలదు. ఇంతకంటే మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది?

ఫిర్దౌస్ మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ల మధ్య తొడుగులు వాడకూడదన్నది ప్రయోగానికి పెట్టుకున్న షరతు. మేకల మీద చూశారు. వేరు వేరు దొడ్లలో పెరిగిన మేకలకి కండరం వదులవడం ఒక్కటే అబ్బింది. ఒకే దొడ్లో కలిసి తిరిగిన మేకకి మాత్రం రెండోదాని నడక మొత్తం వచ్చేసి, తన నడక పోయింది. కలిసి మెలిగేవాళ్ల అడుగులు ముందే ఒకదానికొకటి చెవి ఒగ్గి ఉంటాయి, తలుపు తీస్తే మొత్తం లోపలికి వచ్చేస్తుందని ఆవిడ అభిప్రాయం.

వరహాలమ్మ కోడలి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఎల్లుండి నుంచి ఆషాఢమని, కొత్త కోడలు ఆ నెలంతా గాజువాకలో పుట్టింట్లో ఉంటుందని, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని, తమ ఇళ్లల్లో దీనికి తిరుగులేదని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేడమ్ ఆలోచించి, "అంటే నెల పొడుగునా ఒకే ఇంట్లో ఉండరు. ఖచ్చితంగా?" అని అడిగారు.

"అప్పన్న సాక్షిగా," అంది వరహాలమ్మ.

పక్కగదిలో ఓడల డిజైను గీస్తున్న దినకర్ ఈ మాట విని బయటికొచ్చాడు. నెల్లాళ్లు పెళ్లాం ఉండదన్న దిగులు మొహాన కనబడుతూనే ఉంది. నీకు మడమ నొప్పి పోతుంది, నాకు మొదలవుతుంది, గాజువాకకీ ఇక్కడికీ తిరగలేక, అని తల్లితో అన్నాడు. ఇందుజకి ఆ మాట ఎంత నచ్చిందంటే పుట్టింటికి వెళ్లేదాకా గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుకుంది.

ప్రయోగశాల ముందు గాజు తలుపులు మనిషిని చూసి వాటంతటవే పక్కకి జరుగుతాయి. మొదటిరోజు వరహాలమ్మ వాటి మధ్య ఆగి, వంగి కింద చూసి, "గడపే లేదు. అప్పన్నే కట్టించినట్టున్నాడు," అని లోపలికొచ్చేసింది.

ముందు ఆమె కొలతలు తీసుకున్నారు. గోడకి వీపు ఆనించి కాళ్లు చాపమంటే మోకాళ్ల కింద ఎలుక దూరేంత సందు మిగిలింది. తర్వాత అడుగు పడినచోట వెలిగే గాజు నేల మీద అటూ ఇటూ నడిపించి, ఆ నడకని భద్రపరిచారు. ఆమె పాదం పడ్డచోట మడమ దగ్గర రూపాయి బిళ్లంత వెలుగు, వేళ్ల మొదట్లో పెద్ద ముద్ద. మధ్యలో చీకటి. అటు నుంచి ఇటుకి బరువు నడిచి రావడం లేదు, దూకుతోంది.

ఇద్దరూ తొడుగులు వేసుకున్నారు. ఇందుజ గాజు నేల మీద మామూలుగా నడవడం మొదలుపెట్టింది. ఎంత మామూలుగా నడవాలనుకుందో అంత గుండె కొట్టుకుంది. పక్కనున్న ఇంకో గాజు పలక మీద వరహాలమ్మ కదలకుండా నిలబడింది. చాలాసేపు ఏమీ కాలేదు. ఉన్నట్టుండి ఆవిడ, "అమ్మాయ్, నా తొడ వెనక ఎవరో తాడు వదులుతున్నారు," అంది నెమ్మదిగా, గట్టిగా మాట్లాడితే ఆ తాడు మళ్లీ బిగుస్తుందేమో అన్నట్టు.

అందరూ నేల వైపు చూశారు. ఆమె కుడి మోకాలు, ఎన్నో ఏళ్ల తర్వాత, పూర్తిగా చాపుకుంటోంది. మడమ కింద రూపాయి బిళ్ల పెద్దదై పాలమీగడలా పరుచుకుంది. అక్కడి నుంచి పాదం బయటి అంచు వెంబడి సన్నటి వెలుగు బయల్దేరి, చీకటిని ఆనుకుంటూ పాకి చిటికెన వేలిదాకా వెళ్లింది. విడివిడిగా ఉన్న రెండు ముక్కలూ కలిసి ఒక పాదమయ్యాయి. ఇందుజ నడక ఆపకూడదు గనక నడుస్తూనే ఉంది, కానీ కళ్లు మసకేసి దారి కనబడలేదు. తన ఒంట్లో తనకే తెలియకుండా జరిగే ఓ చిన్న పని, పట్టుకోవడం, వదలడం, గాలిలోంచి వెళ్లి ఇంకో మనిషి పాదాన్ని తెరిచింది. ఫిర్దౌస్ మేడమ్ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

ఆ తర్వాత రోజూ పండగే. వరహాలమ్మ క్యారియర్లో పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు పట్టుకొచ్చేది. ఇద్దరూ ఒకే గిన్నెలో కలుపుకుని తినేవాళ్లు. తొడుగులు తీశాక కూడా చేయీ చేయీ పట్టుకుని వెనక దారంట సముద్రం కనబడేదాకా నడిచి, బస్సుల్లో జరిగిన గొడవలు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. రాత్రికి మాత్రం ఒకరు గోపాలపట్నం, ఒకరు గాజువాక. ఒకే కప్పు కింద పడుకోవడం లేదు గనక షరతు నెరవేరిందనే అనుకున్నారు. అది చాలదేమోనన్న అనుమానం ఆచారం తెలిసిన అత్తాకోడళ్లకీ రాలేదు, మేకల సంగతి తెలిసిన మేడమ్‌కీ రాలేదు.

ఓ సాయంత్రం దినకర్ బీచ్ రోడ్డులో ముంత మసాలా కొనిచ్చాడు. ఆషాఢంలో మొగుణ్ణి దొంగచాటుగా కలుసుకోవడంలో ఇంత సుఖముందని ఇందుజకి ఎవరూ చెప్పలేదు. కాగితం పొట్లంలో చివర మిగిలిన నిమ్మరసం పట్టిన మరమరాలు ఎవరు తినాలా అని వాదించుకుంటుండగా అతనన్నాడు, "పొద్దున్న నువ్వే వచ్చేశావనుకున్నాను. మంచం మీద పడుకుని ఉంటే వంటింట్లోంచి నీ అడుగుల చప్పుడు. ఆ చివర చిన్నగా దూకినట్టు వేస్తావే, అది. ఆషాఢం గీషాఢం వదిలేసి వచ్చిందిరా అనుకుని లేచి చూస్తే అమ్మ."

అతను చెప్పి నవ్వాడు. ఇందుజ కూడా నవ్వబోయింది. దొడ్లో మేకలు గుర్తొచ్చి, పొట్లం అతని చేతిలో పెట్టేసింది.

మర్నాడు వరహాలమ్మ క్యారియర్ లేకుండా వచ్చింది. గాజు తలుపుల దగ్గర ఏ మాటా విసరలేదు. కుర్చీలో కూర్చుని, నొప్పి లేని కాళ్లు చక్కగా చాపి, వాటి వైపు కాసేపు చూసింది. తర్వాత చెప్పింది.

చూపు పోయాక సన్యాసిరావుకి ఇల్లంటే చప్పుళ్లే. కుక్కరు, నీళ్ల మోటారు, అన్నిటికంటే ముందు భార్య అడుగు. ఆవిడ ఏ గదిలో ఉందో, కోపంగా ఉందో, కాఫీ తెస్తోందో ఆ అడుగుని బట్టే చెప్పేవాడు. నిన్న సాయంత్రం ఆవిడ పెరట్లోంచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆయన పక్క కుర్చీ దాకా వెళ్లింది. ఆయన సర్దుకుని కూర్చుని, బనీను మీద తువ్వాలు కప్పుకున్నాడు.

"'ఎవరండీ? కూర్చోండి. మా ఆవిడ వచ్చేస్తుంది,' అన్నారమ్మా," అంది వరహాలమ్మ. "నన్ను 'మీరు' అన్నారు."

ఆవిడ గొంతెత్తగానే ఆయన గుర్తుపట్టి నొచ్చుకున్నాడు. కానీ మాట వినబడేదాకా తను ఇంట్లో లేనట్టేనని ఆవిడకి అర్థమైపోయింది. రాత్రంతా ఆయన చీటికీమాటికీ "వరాలూ, ఉన్నావా?" అని పిలుస్తూనే ఉన్నాడు. కొడుకేమో కాళ్లకి మువ్వలు కట్టుకోమని సలహా ఇచ్చాడట. గంట కట్టుకు తిరగడానికి నేనేమైనా మేకనా అని వాణ్ణి కసిరింది. తీరా ఇక్కడికొచ్చి ఆలోచిస్తే తన పని మేక పనిలాగే అయిందనిపిస్తోందని చెప్పి, నవ్వలేక ఆగిపోయింది.

ఫిర్దౌస్ మేడమ్ గాజు నేల మీద ఇద్దరినీ విడివిడిగా నడిపించి చూశారు. రెండు నడకల వెలుగులనీ ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోయాయి. ఆవిడ తనని తనే తిట్టుకున్నారు. ఇల్లంటే కప్పు అనుకున్నాను, కలిసి తిని, కలిసి నవ్వుకుని, కలిసి నడిచే చోటే ఇల్లని తోచలేదు అన్నారు. ఇందుజ తల దించుకుంది. తనకి తోచి ఉండాల్సింది. కానీ ఆ నడకలు, ఆ పనసపొట్టు కూర, వాటిలో తప్పేముందని ఎవరు వెతుకుతారు?

దారి లేకపోలేదు. భద్రపరిచిన పాత నడకని తొడుగులోకి ఎక్కించి తిరిగి వినిపిస్తే కాలు మళ్లీ పాత దారి పడుతుంది, నొప్పితో సహా. అయితే కొత్త నడక ఇంకా పచ్చిగా ఉండగానే చెయ్యాలి. ఒక్క పెద్ద నడక, గిరి ప్రదక్షిణం లాంటిది నడిచారంటే అది గట్టిపడిపోతుంది. అప్పుడిక ఎవరూ తీయలేరు.

వరహాలమ్మ ఎంతోసేపు ఆలోచించలేదు. "తీసేయండి," అంది.

ఇందుజ ఆ రాత్రి పుట్టింటి డాబా మీద తన కాళ్లని తనే చూసుకుంది. ఇన్నేళ్ల శ్రమ వెనక్కి పోతోందన్న బాధ కంటే, రేపటి నుంచి ఆ మనిషి మళ్లీ గోడ పట్టుకుని లేస్తుందన్న ఊహే ఎక్కువ బాధపెట్టింది. తన కాళ్లు ఇచ్చానని మురిసిపోయింది గానీ, ఆ ఇవ్వడంలో ఒకాయన దగ్గర్నుంచి ఏం తీసుకుందో చూసుకోలేదు.

ప్రదక్షిణానికి ముందురోజు నడక వెనక్కి ఇచ్చే ఏర్పాటు చేశారు. దినకర్ తండ్రిని కూడా తీసుకొచ్చాడు. సన్యాసిరావు చేతికర్ర ముడిచి ఒళ్లో పెట్టుకుని గది మధ్యలో కూర్చున్నాడు. అవతలి గోడ దగ్గర వరహాలమ్మ తొడుగు వేసుకుని సిద్ధంగా నిలబడింది. ఎక్కించే ముందు పాత నడక చెడకుండా ఉందో లేదో చెవితో సరిచూసుకోవడం మేడమ్ పద్ధతి. ఆ గదిలో నేల కింద చిన్న చిన్న సుత్తులున్నాయి. భద్రపరిచిన అడుగు ఎంత బరువుతో, ఎంత ఎడంతో పడిందో అలాగే కింద నుంచి తట్టి వినిపిస్తాయి.

మేడమ్ మీట నొక్కారు.

గదిలో అడుగులు మొదలయ్యాయి. తలుపు దగ్గర పుట్టి, ఎవరూ లేని నేల మీద ఒక మనిషి నడిచి వస్తోంది. గాజు కింద రూపాయి బిళ్లంత వెలుగు, ముద్దంత వెలుగు, మళ్లీ బిళ్ల, మళ్లీ ముద్ద. దినకర్ అప్రయత్నంగా పక్కకి జరిగి దారిచ్చాడు. గోడ దగ్గర నిలబడ్డ వరహాలమ్మ, తను తన భర్త దగ్గరికి నడిచి వెళ్లడాన్ని కళ్లారా చూస్తోంది.

సన్యాసిరావు మొహం వెలిగిపోయింది. "అదీ. మా వరాలు," అని గాలిలోకి చెయ్యి చాపాడు. అడుగులు ఆ చేతి పక్కనుంచి నడిచి వెళ్లిపోయాయి.

మళ్లీ వినిపించమన్నాడు. ఆ తర్వాత ఇంకోసారి. ఈసారి నవ్వలేదు. తల పక్కకి వంచి, హార్బర్లో పాత క్రేను ఇనుము శబ్దం విన్నట్టు విన్నాడు.

"ఇందమ్మా, కుడికాలు ఆనే ముందు ఓ చిన్న ఆగుడుంది. అదేటి?"

ఇందుజ అత్తగారి వైపు చూసింది. ఆవిడ చెప్పొద్దన్నట్టు తలూపింది. కానీ అడిగింది ఆయన. "నొప్పి మావయ్యగారూ. మడమ మీద బరువు పడబోతోందని అత్తయ్య బిగబట్టుకునేది."

"ప్రతి అడుగుకీనా?"

"ప్రతి అడుగుకీ."

భార్య ఎటు ఉందో తెలియక, ఆయన గది మొత్తానికీ చెప్పినట్టు అన్నాడు. "కళ్లున్నప్పుడు నీ అడుగు ఎప్పుడూ వినలేదు వరాలూ. కళ్లు పోయాకే వినడం మొదలెట్టాను. అప్పటికే నీ కాలు చెడింది. నేనిన్నాళ్లూ గుర్తుపట్టింది నిన్ను కాదు. నీ నొప్పి దగ్గరికొస్తే నువ్వొచ్చావని సంతోషపడ్డాను."

"అయితే ఏటయింది?" అంది వరహాలమ్మ. "మీరు నన్ను 'మీరు' అనడం కంటే ఆ నొప్పే నయం. కానివ్వండి మేడమ్."

"ఉండండమ్మా," అన్నాడాయన మేడమ్‌తో. "వరాలూ, ఇప్పుడెలా నడుస్తున్నావో అలా ఓసారి ఇటురా. మాట్లాడకు."

ఆవిడ నడిచింది. తేలికైన అడుగు, చివర చిన్న దూకుడు, ఇందుజ అడుగు. దారి పొడవునా గాజు కింద నిండు పాదాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరిపోయాయి. ఆయన ఎదురుగా వచ్చి ఆగింది. ఏదో ఒక ఆనవాలు దొరుకుతుందని, ఎక్కడో ఓ మూల పాత వరహాలమ్మ మిగిలి ఉంటుందని ఇందుజ మనసంతా కోరుకుంది.

"తెలిసిందా?" అంది ఆవిడ.

"లేదు. ఒక్క ముక్క తెలీలేదు. కొత్తమనిషి వచ్చినట్టే ఉంది." ఆయన ఆమె చెయ్యి తడిమి పట్టుకున్నాడు. "పెళ్లయిన కొత్తలో మాత్రం నాకేం తెలుసు? నేర్చుకోలేదా? ఆ తొడుగు తీసేయ్."

ఆవిడ వద్దంది, ఆ నడక గట్టిపడితే ఇక వెనక్కి రాదంది, మీ వయసుకి ఇవేం పంతాలని దెబ్బలాడింది. బస్సు నిండా జనాన్ని నోటితో అదిమి పెట్టిన మనిషి. ఆయన అన్నీ వింటూ కూర్చుని, ఆవిడకి ఆయాసం వచ్చి ఆగాక, చేతికర్ర విప్పి లేచి నిలబడ్డాడు.

"రేపు నేనూ వస్తున్నాను. కొండ చుట్టూ," అన్నాడు. "నువ్వు ముందు నడు, నేను నీ వెనక. చెయ్యి ఇవ్వకు, పిలవకు. రాత్రంతా ఉంది గదా. లక్షల మంది అడుగుల్లో నీ అడుగు పట్టుకున్నానంటే, మన నాలుగు గదుల్లో ఎక్కడ తప్పుతాను?"

ఫిర్దౌస్ మేడమ్ మీట మీద నుంచి వేలు తీసేశారు. వరహాలమ్మ భర్త మొహం వైపు, ఆయన చెప్పుల్లేని పాదాల వైపు చూసింది. వంగి తొడుగు విప్పి కోడలి చేతిలో పెట్టింది. కళ్లు తుడుచుకుని, బస్సులో గంట కొట్టే ముందు మాట్లాడినట్టు గట్టిగా అంది.

"అయితే అందరూ వినండి. రేపు మధ్యాహ్నం రెండింటికల్లా కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గరుండాలి. కొబ్బరికాయ కొట్టగానే నేను కదులుతాను. వెనక్కి తిరిగి చూడను."